పంపు బాబాయి తొలి కూత

ఆయన పోయారని పిన్ని ఫోన్ చేసినప్పుడు నా నోట్లోంచి ముందుగా వచ్చిన మాట, "ఆయాసపడ్డారా?"

పక్కన పేపరు చదువుతున్న మా ఆయన తలెత్తి చూశారు, చావు కబురు చెప్పిన మనిషిని ఎవరైనా అలా అడుగుతారా అన్నట్టు. అడుగుతారు. ముప్పయ్యేళ్ళు బస్తర్‌లో బైలదిలా కొండ కింద నర్సుగా పనిచేసినవాళ్ళు అడుగుతారు. అందులోనూ ఆ మనిషి విషయంలో ముందు అదే అడుగుతారు. పిన్ని ఏం చెప్పిందో ఆఖర్న చెప్తాను. ఆ జవాబు ఎంత గొప్పదో తెలియాలంటే ముందు ఆయన తెలియాలి.

ఆయనకి పేరు లేకపోలేదు. మా టౌన్‌షిప్ ఆసుపత్రి చీటీ మీద నేనే రాసేదాన్ని. కానీ కిరందుల్‌లో ఆ పేరుతో అడిగితే ఇల్లు చూపించేవాళ్ళు ఒక్కరూ లేరు. కొండమీద ఇనుప గనిలో, అడుగున చేరే వాననీటిని తోడి బయటికి పోసే పంపులు నడిపేవారు గనక ఆయన పంపు బాబాయి. తెలుగువాళ్ళం సరే, ఒడియావాళ్ళూ, బిహారీలూ, గోండు కుర్రాళ్ళూ అందరూ 'బాబాయ్ జీ' అనేవారు. ఆయన భార్య మా అందరికీ పిన్ని. బస్తర్‌లో వాన మొదలైతే వారాల తరబడి వదలదు. గని అడుగున నీళ్ళు చేరే గుంటని సంపు అంటారు. అది నిండి పొంగిందంటే తవ్వే యంత్రం దిగదు, డంపర్ దిగదు, పనంతా ఎర్ర బురదలో కూరుకుపోతుంది. ఆ గుంటకి ముప్పయ్యేళ్ళు కాపలా కాశారాయన.

రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో చిన్న స్పానర్ ఉండేది. ఎవరింటికి వెళ్ళినా ముందు చెయ్యి వెళ్ళేది కుళాయి మీదకే. గోడ వెంట పోయే పైపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, డాక్టరు నాడి చూసినట్టు చూసేవారు. "ఇది గాలి లాగుతంది" అనేవారు. రెండు రోజుల్లో ఆ పైపు నిజంగానే మొరాయించేది. మా వంటింటి కుళాయిని మూడుసార్లు బాగుచేశారు, అందులో ఒకసారి అది పాడవకుండానే. నేను కోప్పడితే, "పాడవ్వకముందే బాగుసెయ్యాల సిస్టరమ్మా. పాడయ్యాక ఎవుడైనా సేత్తాడు" అన్నారు. సొంత ఊరు బొబ్బిలి దగ్గర. మాది పార్వతీపురం కాబట్టి నన్ను తన మనిషి కింద జమకట్టేసి, తిట్టే హక్కూ తిట్టించుకునే హక్కూ రెండూ తీసుకున్నారు. రిటైరైన తర్వాత ఊరికి వెళ్ళిపోకుండా స్టేషన్ వెనక రెండు గదుల ఇల్లు చూసుకుని ఇక్కడే ఉండిపోయారు. ఎందుకని అడిగితే, "ఊర్లో నన్నెవుడు గుర్తుపడతాడు? ఇక్కడైతే పైపులు కూడా గుర్తుపడతాయి" అనేవారు.

ఆయన దగ్గర రెండు సూత్రాలుండేవి. పంపుల మీద పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ అవి ఒంటబట్టేదాకా వదిలేవారు కాదట. మొదటిది, "సంపు అడుగు అగుపడాల." తన షిఫ్టు దిగి, తర్వాతి షిఫ్టువాడికి గుంట అప్పజెప్పేటప్పుడు అడుగు కనిపించి తీరాలి. పంపుకి అందని నీళ్ళుంటే బక్కెట్లతో ఎత్తించేవారు, మనిషి దొరక్కపోతే తనే ఎత్తేవారు. రెండోది, "ఫుట్ వాల్వ్ మునిగే ఉండాల." నీళ్ళలోకి దింపిన గొట్టం చివర ఉండే మూత అది. అది నీళ్ళ పైకి తేలిందంటే పంపు నీళ్ళకి బదులు గాలి తాగి కాలిపోతుంది. ఈ రెండు సూత్రాలకీ ఒకదానితో ఒకటి పడని చోటు ఒకటుందని అప్పట్లో నాకు తెలీదు. ఆయనకీ తెలీదు. తెలిసిన రోజున ప్రాణం మీదకి వచ్చినంత పనైంది.

ఇక కూత సంగతి. కుర్రతనంలో బాబాయి చెడుగుడు ఆడేవారు. కబడ్డీ అంటే ఒప్పుకునేవారు కాదు, చెడుగుడే. విశ్వకర్మ పూజ రోజున గనిలో యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టి, దండలు వేసి, ప్రసాదం పంచి, మధ్యాహ్నం షిఫ్టుల మధ్య పోటీ పెట్టేవారు. ఆ ఆటకి తొలి కూత ఆయనది. ఆఫీసర్లు కుర్చీల్లో కూర్చుని చూస్తుండగా, నడిగీత దగ్గర నేలకి దణ్ణం పెట్టుకుని, "చెడుగుడు చెడుగుడు" అంటూ ఒక్క ఊపిరిలో అవతలివాళ్ళ లోపలి గీత దాకా వెళ్ళి, దాన్ని కాలితో తాకి తిరిగొచ్చేవారు. మధ్యలో ఊపిరి తెగకూడదు. అవతలి జట్టు కుర్రాళ్ళు పట్టుకోవడానికి రారు. పక్కకి తప్పుకుని కూతలు లెక్కపెడతారు. ఆయన తిరిగొచ్చాకే రిఫరీ విజిల్ వేస్తాడు. ఎవరు ఎప్పుడు పెట్టిన ఆనవాయితీయో గాని, రిటైరయ్యాక కూడా ఆయన్నే పిలిచేవారు.

అలాంటి మనిషి ఒక వేసవిలో మా ఆసుపత్రి మెట్లు ఎక్కలేక నాలుగో మెట్టు మీద కూలబడ్డారు.

ఊపిరితిత్తి కాన్సర్ అని అప్పటికే విశాఖలో తేలింది, మందులు నడుస్తున్నాయి. కానీ ఆయన్ని కూలబెట్టింది నీళ్ళు. ఊపిరితిత్తికీ పక్కటెముకల గోడకీ మధ్య మామూలుగా రెండు మూడు చెంచాల తడి ఉంటుంది. కాన్సర్ అక్కడికి పాకితే ఆ తడి ఊటగా మారుతుంది. లీటరూ లీటరున్నరా చేరి ఊపిరితిత్తిని ఒక మూలకి నొక్కేస్తుంది. ఇక పడుకుంటే ఊపిరాడదు, నాలుగడుగులు వేస్తే ఊపిరాడదు, ఒక మాట పూర్తిచెయ్యాలంటే మధ్యలో రెండుసార్లు ఆగాలి. వీపులోంచి సూది దింపి నీళ్ళు తీస్తే గంటలో మనిషి మనిషవుతాడు. పది పన్నెండు రోజులు గడిచేసరికి మళ్ళీ మొదటికొస్తాడు.

మొదటిసారి మా డాక్టరుగారు నీళ్ళు తీశాక, "ఇప్పుడెలా ఉంది బాబాయ్?" అని అడిగాను. అందరూ పర్లేదమ్మా అంటారు. ఈయన మంచం అంచున నిటారుగా కూర్చుని, రెండు చేతులూ తొడల మీద ఆనించి, కూత అందుకున్నారు. వార్డంతా ఉలిక్కిపడింది. పదకొండు చెడుగుళ్ళు.

"ఇందాక మూడే వచ్చినాయి. ఎనిమిది పెరిగినాయి" అన్నారు.

"ఇది ఆసుపత్రి, గ్రౌండు కాదు" అని కసిరాను. కసిరాను గాని, ఆ రోజు నుంచి ఆయన చార్టులో నాడి పక్కన, ఆక్సిజన్ పక్కన పెన్సిల్‌తో కూత లెక్క కూడా రాయడం మొదలుపెట్టాను. మా డాక్టరుగారు భిలాయ్ వైపు మనిషి. "యే క్యా హై, సిస్టర్?" అన్నారు, ఇదేమిటని. చెప్పాను. ఆయన నవ్వలేదు. తర్వాతిసారి రౌండుకి వచ్చినప్పుడు ముందు దాన్నే చూశారు. ఆయాసం ఎంతుందో చెప్పడానికి అంతకన్నా నిజమైన కొలత మా దగ్గర లేదు.

ఐదోసారి వచ్చినప్పుడు బాబాయి విసుగెత్తిపోయారు. "పన్నెండు రోజులకే నిండీడమేటి? ఎక్కడో ఊట ఉంది. ఊట సంగతి సూడకుండా ఎన్నిసార్లు తోడితే ఏటి లాభం డాక్టర్ సాబ్?" నేను హిందీలో చెప్పాను. డాక్టరుగారు, "ఊట కట్టేపని యహాఁ నహీ హోగా, బాబాయ్ జీ. విశాఖ జాయియే" అన్నారు, ఇక్కడ అవదు, విశాఖ వెళ్ళమని. అన్నేళ్ళ మా సావాసంలో ఆయనకీ సగం తెలుగు వచ్చేసింది.

విశాఖలో ఏం జరిగిందో నేను చూడలేదు. తిరిగొచ్చాక బాబాయి నాలుగుసార్లు నటించి చూపించారు, పిన్ని ప్రతిసారీ సరిదిద్దింది. అక్కడి డాక్టర్లు రెండు దారులు చెప్పారట. ఒకటి, ఊపిరితిత్తికీ గోడకీ మధ్య మెత్తటి పొడి పోసి, ఆ రెంటినీ అతికించెయ్యడం. నీళ్ళు చేరడానికి చోటే ఉండదు. దానికి కొన్నాళ్ళు ఆసుపత్రి మంచం మీద ఉండాలి. ఆ పొడి ఏమిటని అడిగితే బలపం రాయి పొడి అన్నారట.

"రాయి వొద్దు బాబూ. ముప్పయ్యేళ్ళూ రాళ్ళతోనే ఉన్నాను. రెండోది సెప్పండి" అన్నారట ఈయన.

రెండోది, పక్కటెముకల కింద చర్మంలోంచి సన్నటి మెత్తటి గొట్టం ఒకటి అమర్చడం. దాని చివర బిరడాలాంటి చిన్న వాల్వ్. రోజు విడిచి రోజు ఇంట్లోనే దానికి గాలి తీసేసిన సీసా తగిలిస్తే నీళ్ళని అదే లాక్కుంటుంది. తర్వాత గొట్టాన్ని చుట్టి కట్టు కింద దాచెయ్యడమే. చిన్న డాక్టరొకాయన బొమ్మ గీసి, ఈ వాల్వ్‌లోంచి నీళ్ళు బయటికి వస్తాయి గాని బయటి గాలి లోపలికి పోదు అని ఓపిగ్గా చెప్తున్నాడట.

"నాన్ రిటర్న్ వాల్వ్ గదా బాబూ! ముందే సెప్పొచ్చు గదా! ఇదే పెట్టీయండి. నాకు పంపు కావాల" అని బాబాయి మంచం మీంచి లేచి కూర్చున్నారట. ఆ డాక్టరు గీస్తున్న బొమ్మ లాక్కుని అందులో ఒక తప్పు కూడా దిద్దారట. ఇది మాత్రం పిన్ని ఒప్పుకోలేదు. "తప్పేటి దిద్దలేదు, అబద్ధం" అంది.

చిక్కల్లా ఒకటే. ఇంటి దగ్గర శుభ్రంగా, పద్ధతిగా ఈ పని చేయించే నర్సు ఉంటేనే పంపుతాం, లేకపోతే విశాఖలోనే ఎక్కడైనా గది తీసుకుని ఉండండి అన్నారు. అప్పుడు ఈ పెద్దమనిషి, నన్ను మాటమాత్రం అడక్కుండా, "మా సిస్టరమ్మకి అన్నీ తెలుసు" అని చెప్పి, నా పేరు రాయించేసి గొట్టం వేయించుకున్నారు. నాకు ఆ గొట్టం గురించి ఏమీ తెలీదు. కంటితో చూసిన పాపాన పోలేదు.

విశాఖ నుంచి ఫోనొచ్చినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయిని ఫోన్‌లో పిలిపించి దులిపేశాను. అంతా విని, ఆగి ఆగి అన్నారు. "ఇక్కడ గదిలో సీలింగు పంకా సూసుకుంటా సచ్చిపోమంటావేటమ్మా? విశ్వకర్మ పూజ ఇంక రెండు నెల్లే ఉంది." ఆ గొట్టం వాడే తీరు కాయితం మీద పంపించమని చెప్పి ఫోన్ పెట్టేశాను.

వాళ్ళు పంపిన బొమ్మల కాయితం ముందు పెట్టుకుని, ఒక తలగడలో నీళ్ళ సంచీ కుట్టి, దానికి గొట్టం గుచ్చి మా ఆయమ్మతో కలిసి మూడు రోజులు సాధన చేశాను. ఆయమ్మ గోండు మనిషి, ఏం చేసినా సూటిగా మాట్లాడుతుంది. మొదటి రోజు తలగడని చూసి, "మర్ గయా" అంది, చచ్చాడని. మూడో రోజు, "అబ్ జియేగా" అంది, ఇక బతుకుతాడని.

వాళ్ళు తిరిగొచ్చిన రైలు గురించి కూడా చెప్పాలి. విశాఖ నుంచి కిరందుల్‌కి పగలంతా పట్టే ప్రయాణం, అరకు కొండల్లో సొరంగం మీద సొరంగం. వెళ్ళేటప్పుడు ఆయన ఏ సొరంగంలోనూ నోరు విప్పలేదట. వచ్చేటప్పుడు చిన్న సొరంగం వచ్చినప్పుడల్లా కూత అందుకుని, వెలుగు వచ్చేదాకా ఆపకుండా లాగడానికి చూశారట. "రైలుపెట్టంతా మమ్మల్నే సూసింది, సిగ్గుతో సచ్చీపోనాను" అంది పిన్ని. అంటూ అంటూ కళ్ళొత్తుకుంది.

సీసాలు ఆ రైల్లోనే వచ్చేవి. కిరందుల్ రైల్వే కాలనీ వాళ్ళు ఎవరు విశాఖ వెళ్ళినా ఒక అట్టపెట్టె మోసుకొచ్చేవారు. రోజు విడిచి రోజు పొద్దున్నే నేను వాళ్ళింటికి వెళ్ళి, చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి కట్టు వెయ్యడం దాకా పిన్నికీ ఆయనకీ నేర్పించాను. ఒక్కసారికి ఒక్క సీసానే, అది నిండేలోగా దగ్గు వచ్చినా, నొప్పి వచ్చినా వెంటనే క్లిప్పు బిగించి ఆపెయ్యాలని చెప్పాను. బాబాయి బుద్ధిగా తలూపారు. ఆయన చేతులు ఎంత నేర్పుగా కదిలేవంటే, రెండు వారాల్లో నేను వెళ్ళడం మానేసి, మీరే చేసుకోండి అన్నాను.

అదే నా పొరపాటు. ఎక్కడ ఆపాలో చెప్పాను. ఎందుకు ఆపాలో చెప్పలేదు. ముప్పయ్యేళ్ళు సంపు అడుగు చూడకుండా షిఫ్టు దిగని మనిషికి, సగం నీళ్ళు వదిలేసి సీసా తీసెయ్యమంటే ఎలా ఉంటుందో నాకు తట్టలేదు.

ఆగస్టులో ఒక పొద్దున్న డ్యూటీలో ఉండగా పిన్ని ఫోను. "అమ్మా, గుండె పట్టీసింది, రామ్మా!" అంబులెన్స్‌లో వెళ్ళేసరికి బాబాయి గోడకి జారబడి, కుడిపక్క డొక్క పట్టుకుని, ఆపకుండా దగ్గుతున్నారు. ఒళ్ళంతా చెమట. పక్కన రెండు సీసాలు. ఒకటి నిండుగా ఉంది, రెండోది సగం. రెండోదానికి గొట్టం ఇంకా తగిలించే ఉంది. నేను క్లిప్పు బిగించి, ఆయన్ని ఎత్తి బండిలో వేశాను.

నొప్పికి ఇంజెక్షనూ, ఆక్సిజనూ పెట్టాక గంటకి దగ్గు తగ్గింది. ఎక్స్‌రే తీస్తే ప్రమాదం ఏమీ లేదు. ఎన్నాళ్ళుగానో నలిగిపోయి ఉన్న ఊపిరితిత్తిని ఒక్కసారిగా లాగేసరికి అలా అయింది. కానీ డాక్టరుగారికి కోపం నషాళానికంటింది. "ఇక్కడ కుదరదని ముందే అనుకున్నాను. ట్యూబ్ నికల్వా దో, తీయించెయ్యి. విశాఖలోనే ఉండనీ" అన్నారు.

బాబాయి గోడవైపు తిరిగి పడుకున్నారు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"రెండో సీసా ఎందుకు పెట్టారు బాబాయ్?"

"అడుగు అగుపడలేదు కదమ్మా" అన్నారు గోడకే. "నీళ్ళు ఇంకా వస్తన్నాయి. వస్తన్న నీళ్ళు ఒగ్గీసి పంపు ఆపీడమంటే డ్యూటీ ఎగ్గొట్టినట్టు కాదేటి?"

అప్పుడు తట్టింది నాకు. "గనిలో నీళ్ళ కింద ఏముంటుంది?"

"రాయి."

"ఇక్కడ నీళ్ళ కింద ఏముంది?"

ఆయన చెయ్యి మెల్లిగా డొక్క మీదకి, ఊపిరితిత్తి ఉన్న చోటికి వెళ్ళింది.

"సరే, ఇది చెప్పండి. ఫుట్ వాల్వ్ తేలిపోతే ఏమవుద్ది?"

"గాలి లాగుతాది. పంపు కాలిపోద్ది. సిన్న పిల్లోడికి కూడా తెలుసు."

"మీకు దగ్గు మొదలైనప్పుడు, డొక్కలో పట్టేసినప్పుడు ఏమైనట్టు?"

ఇటు తిరిగారు. ఆ మొహం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తే ఏది రానివ్వాలో తెలియని మొహం.

"ఫుట్ వాల్వ్ తేలిపోయినట్టు" అన్నారు. "ఓలమ్మ! మొదటి మాట కోసం రెండో మాట మర్సిపోనాను. నా దగ్గర నేర్సుకున్నోడు ఎవుడైనా ఇలాగ సేసుంటే స్పానర్ పెట్టి కొట్టీవోణ్ణి."

సాయంత్రం రౌండుకి డాక్టరుగారు రాగానే బాబాయి మంచం దిగి నిలబడ్డారు. "డాక్టర్ సాబ్, గల్తీ హో గయా. అబ్ ఫుట్ వాల్వ్ డూబా రహేగా" అన్నారు, తప్పయిపోయింది, ఇక ఫుట్ వాల్వ్ మునిగే ఉంటుందని. డాక్టరుగారు నావైపు చూశారు. నేను మొత్తం కథ చెప్పాను. నా తప్పుతో సహా చెప్పాను. ఆయన స్టెతస్కోపు మెడలోంచి తీసి, మళ్ళీ వేసుకుని, కాసేపు కిటికీలోంచి కొండని చూశారు. "ఏక్ మౌకా" అన్నారు. ఒక్క అవకాశం. విశ్వకర్మ పూజ దాకా ప్రతిసారీ సిస్టర్ పక్కన ఉండాలి, ఇంకోసారి ఇలా అయితే మాట్లాడేదేమీ లేదు.

ఆ తర్వాత ఐదు వారాలు ఆయన ఆ గొట్టాన్ని నడిపిన తీరు చూసి తీరాలి. సీసా తగిలించి, కళ్ళు మూసుకుని, అరచెయ్యి డొక్క మీద ఆనించి కూర్చునేవారు. మా ఇంటి పైపుని చూసినట్టే. నాకు తెలియకముందే, దగ్గు రాకముందే, "ఆగు. తేలతంది" అని తనే క్లిప్పు బిగించేవారు. కొన్నిసార్లు సీసా సగమే నిండేది. మిగిలిన నీళ్ళ మీద బెంగ లేదు. పూర్తవగానే కూత. పన్నెండు. పద్నాలుగు. ఒకరోజు పది అయితే పిన్నిని, పప్పులో ఉప్పు తక్కువేసినందుకే అని దెబ్బలాడారు.

విశ్వకర్మ పూజ నాడు వాన తెరిపిచ్చింది. మైదానం తడిసి ఎర్రగా ఉంది. ఆఫీసర్ల వరసలో మా డాక్టరుగారు కూర్చున్నారు. నేను డ్యూటీ మధ్యలో తెల్ల యూనిఫాంతోనే వచ్చేశాను, చేతిలో ఆక్సిజన్ సంచీతో. "నడిచి రండి చాలు, కూత వద్దు" అని పొద్దున్న బతిమాలాను. "సూద్దాం" అన్నారు. సూద్దాం అంటే ఆయన భాషలో నువ్వు పక్కకి తప్పుకో అని.

ఇస్త్రీ చొక్కా లోపల గొట్టం చుట్టి కట్టి ఉంది. నడిగీత దగ్గర వంగి నేలని ముట్టుకున్నారు. లేచి, ఊపిరి తీసుకుని, మొదలుపెట్టారు. చెడుగుడు చెడుగుడు. గొంతు పూర్వంలా మోగలేదు, కానీ తిన్నగా ఉంది. అవతలి కుర్రాళ్ళు రెండు పక్కలకీ జరిగి పెదవులతో లెక్కపెడుతున్నారు. ఐదు, ఆరు, ఏడు. లోపలి గీత మీద కాలు పెట్టారు. తొమ్మిది. తిరిగారు. పన్నెండు దగ్గర గొంతు సన్నబడింది. పద్నాలుగు దగ్గర ఇంకా సన్నబడింది. లెక్కపెడుతున్న వాళ్ళ పెదవులు ఆగిపోయాయి. పక్కన పిన్ని నా మణికట్టు పట్టుకుంది, గాజు చిట్లింది. పదహారు. ఇంక రెండడుగులు. ఒక అడుగు. పద్దెనిమిదో చెడుగుడు ఆయన కాలు నడిగీత ఇవతల పడ్డాక పూర్తయింది.

గ్రౌండంతా లేచింది. నేను ఈల వేశాను. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, తెల్ల యూనిఫాంలో, నలుగురు ఆఫీసర్ల ముందు ఈల వేశాను. చిన్నప్పుడు మా అన్నయ్య నేర్పిన ఈల, పెళ్ళయ్యాక మళ్ళీ వేసిందే లేదు. మా డాక్టరుగారు కుర్చీ మీంచి లేచి చప్పట్లు కొడుతున్నారు. నేను ఆక్సిజన్ సంచీ పట్టుకుని పరుగెత్తుకెళ్తే బాబాయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎగరొప్పుతూ, నవ్వుతూ అన్నారు.

"మునిగే ఉందమ్మా. ఫుట్ వాల్వ్ మునిగే ఉంది."

ఆ దసరా వెళ్ళేసరికి సీసాలోకి వచ్చే నీళ్ళు తగ్గిపోయాయి. గ్లాసెడు, తర్వాత అరగ్లాసు, తర్వాత చెంచాలు. నేను గొట్టం మూసుకుపోయిందేమోనని కంగారుపడ్డాను. ఎక్స్‌రే తీస్తే లోపల నీళ్ళే లేవు. గొట్టం ఉండగా ఉండగా ఊపిరితిత్తీ గోడా వాటంతటవే అతుక్కుపోయాయి. కొందరికి అలా జరుగుతుందట. ఏ రాయి పొడీ పొయ్యకుండానే. "ఊట ఎండిపోనాది" అని బాబాయి స్టేషన్ వీధంతా చాటారు. చలికాలంలో విశాఖ వెళ్ళి గొట్టం తీయించుకున్నారు. దాన్ని ఇమ్మని అడిగారట, వాళ్ళు ఇవ్వలేదు. ఆ కోపం ఆయనకి చివరిదాకా పోలేదు.

తర్వాత మా ఆసుపత్రికి అలాంటి గొట్టాలతో ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. నేను భయపడలేదు. వాళ్ళ ఇంటికి ముందు బాబాయిని పంపేదాన్ని. దోర్నపాల్ నుంచి కూతురింటికి వచ్చిన ఒకావిడ గొట్టం చూసుకుని ఒకటే ఏడుపు. "ఏందన్నా ఇది? ఒంట్లో పైపు పెట్టిన్రు. నేనింక మంచిగైతనా?"

బాబాయి చొక్కా ఎత్తి తన డొక్క మీది చిన్న మచ్చ చూపించారు. "జబ్బు సంగతి నాకు తెల్దమ్మా, అది డాక్టర్లు సూసుకుంటారు. నీళ్ళ సంగతి మాత్రం నాను సెప్తాను, ఇను" అని పక్కన కూర్చుని రెండు సూత్రాలూ చెప్పారు. మొదటిది ఇక్కడ పనికిరాదని కూడా చెప్పారు. పోయేముందు ఆవిడ చేత కూత పెట్టించారు. ఆడమనిషిని, నాతో చెడుగుడు ఏందన్నా అని సిగ్గుపడుతూనే ఆవిడ ఆరు అంది.

గొట్టం తీశాక ఆయన ఇంకో రెండు విశ్వకర్మ పూజలు చూశారు, రెండిటికీ తొలి కూత ఆయనదే. ఈలోగా నేను రిటైరై పార్వతీపురం వచ్చేశాను. కాన్సర్ ఎక్కడికీ పోలేదు, ఎముకల్లోకి పాకింది, ఆఖరికి అదే తీసుకుపోయింది. అది గెలవలేదని నేను అబద్ధం చెప్పను. కానీ నీళ్ళ మీద గెలుపు మాత్రం ఆయనదే. ముప్పయ్యేళ్ళు గనిలో ఎలా గెలిచారో ఒంట్లోనూ అలాగే గెలిచారు. అందుకే ఫోన్‌లో ముందు అది అడిగాను.

"ఆయాసమేటమ్మా!" అంది పిన్ని, ఏడుస్తూనే కోపంగా. "మొన్నటి నుంచి మంచం దిగనేదు గాని, ఊపిరికి లోటు నేదు. నిన్న సాయంత్రం కూడా తలగడకి జారబడి కూత ఎట్టినాడు. నన్ను లెక్కెట్టమన్నాడు. పదిహేడమ్మా. ఒకటి తగ్గిపోనాదని నన్నే తిట్టినాడు. తెల్లారగట్ల నిద్దర్లోనే ఎల్లిపోనాడు."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది, బిగించాను. ఎవరూ చూడటం లేదని నమ్మకం కలిగాక సింకు అంచు పట్టుకుని, ఊపిరి నిండా తీసుకుని, మొదలుపెట్టాను. నాకే జబ్బూ లేదు, మెట్లు గబగబా ఎక్కుతాను, రోజూ నడకకి వెళ్తాను. అయినా తొమ్మిదో చెడుగుడు దగ్గర ఆగిపోయాను. ఊపిరి ఇంకా బోలెడుంది.